పదిహేనో పిల్లి ఎడమ చెవి

దయ్యాలను నేను నమ్మను. నమ్మకపోవడానికి నాకున్నంత గట్టి కారణం ఇంకెవరికీ ఉండదు. కేసముద్రంలో తిరిగే దయ్యాల్లో సగం నేను పుట్టించినవే. రైల్వే గేటు దగ్గర తల లేని మనిషి బీడీ అడుగుతాడని మొదట చెప్పింది నేను. తల లేనివాడు బీడీ ఎట్లా తాగుతాడని ఒక్కరూ అడగలేదు. మూడు నెలలకు ఆ కథ మానుకోట దాకా పోయి, బీడీ కాస్తా సిగరెట్ అయి, మళ్లీ నా దుకాణానికే వచ్చింది. చెప్పినాయన ఒట్టు పెట్టి మరీ చెప్పాడు.

అందుకే ఇప్పుడు నిజంగా జరిగింది చెప్తే నా భార్య కూడా నమ్మడం లేదు. నేను పది అంటే ఐదని వినడం ఆమెకు పెళ్లయిన కొత్తలోనే అలవాటైంది. ఇందులో కూడా మొదట్లో అక్కడక్కడ కొంచెం పెంచి ఉంటాను, నోరు ఊరుకోదు. ఆదివారం, సోమవారం జరిగిన దాంట్లో మాత్రం వెంట్రుకంత కూడా పెంచలేదు.

నాది గోనె సంచుల దుకాణం. మార్కెట్ యార్డుకు పోయే దారిలో ఎల్లయ్య పటేల్ కట్టించిన ఆరు షట్టర్లలో చివరిది. దాని ముందు యాకమ్మక్క అన్నం బండి ఉంటుంది. పదహారేళ్లుగా హమాలీలకు అన్నం, చేపల పులుసు పెట్టి బతుకుతోంది. ఆ బండి తప్ప ఆమెకు ఇంకో ఆధారం లేదు. మిగిలిన చేప తలలు పిల్లులకు వేస్తుంది. గొడవంతా ఆ తలలతోనే మొదలైంది.

పిల్లులు నా సంచుల కట్టల్లో కాపురం పెట్టాయి. కట్ట విప్పితే సంచి, పిల్లి, సంచి, పిల్లి అన్నట్టుండేది వరస. ఒక రైతు ఇరవై సంచులు కొనుక్కుపోయి, ఇంటికెళ్లి చూసుకుంటే మూడు కూనలు ఎక్కువ వచ్చాయట. పాపం, తిరిగి తెచ్చిచ్చాడు. అవి తడిపిన సంచి కూడా మార్చుకుని పోయాడు.

ఇక షట్టర్ల వెనకే ఉన్న పటేల్ గోదాములో పిల్లి మూత్రం వాసనకు హమాలీలు ముక్కుకు తువ్వాల కట్టుకుని బస్తాలు మోసేవారు. ఒకరోజు పటేల్ వచ్చి బండి ముందు నిలబడ్డాడు.

"యాకమ్మా, గీ పిల్లులన్న ఉండాలె, నీ బండన్న ఉండాలె. యాసంగి మక్కజొన్న గోదాముకు వచ్చేలోపల తేల్చుకో."

మందు పెడితే ఒక్కరోజు పని అన్నారెవరో. పిల్లిని చంపితే బంగారు పిల్లిని చేయించి దానమివ్వాలన్న సంగతి పటేల్‌కు తెలుసు. అందుకే ఆ పని నన్ను చూసుకోమన్నాడు. అంటే బంగారు పిల్లి కూడా నా నెత్తి మీదే.

యాకమ్మక్క కళ్లనీళ్లు పెట్టుకుంది. "తమ్మీ, మందు పెడ్తే నా చేప తలకాయలల్లనే పెడ్తరు గద. నా చేతి తిండి తిన్నయి అవి. ఇంకేమన్న జెయ్, గది మాత్రం వద్దు."

ఇంకేమన్నా అంటే నాకు తెలిసింది ఒకటే. మూడు పిల్లులను సంచిలో వేసి, దారి మరిచిపోవాలని సంచిని మూడు చుట్లు తిప్పి, ట్రాలీ ఆటోలో మరిపెడ అవతల వదిలి వచ్చాను. పిల్లుల సంగతేమో గాని, తిప్పిన నాకు మాత్రం రెండు రోజులు కళ్లు తిరిగాయి. వారం తిరిగేసరికి ఆ మూడింటి జాగాలో ఐదు కొత్త పిల్లులు దిగాయి. ఖాళీ పోస్టులకు నోటిఫికేషన్ వేసినట్టే అయింది.

మానుకోటలో పశువుల డాక్టరమ్మ ఒకావిడ ఈ మాట విని నవ్వింది. "అట్లనే అయితది. తిండి దొరికే జాగ ఖాళీ ఉండదు. ఉన్నవాటికే ఆపరేషన్ చేయించి, ఉన్న చోటే విడిచిపెట్టండి. ఇంక పిల్లలు పుట్టవు, కొత్తవాటిని ఇవే రానియ్యవు. ముందు ఎన్ని ఉన్నయో చెప్పండి."

లెక్కకు నేను గొర్రెలకు పూసినట్టు ఒక్కో పిల్లికి ఎర్ర జాజు రంగు పూశాను. అవి పోయి ఒకదాన్నొకటి రాసుకున్నాయి. తర్వాత పటేల్ తెల్ల ధోవతిని రాసుకున్నాయి. సాయంత్రానికి లెక్క ముప్పై ఒకటి తేలింది, పటేల్‌తో కలిపి. చివరికి యాకమ్మక్కే తలా ఒక చేప తల వరుసగా పెట్టి తేల్చింది. పదిహేను.

ఆపరేషన్ అయిన పిల్లికి మత్తులో ఉండగానే ఎడమ చెవి కొన గోరంత కత్తిరిస్తారు. దూరం నుంచే గుర్తు పట్టొచ్చు, పట్టిందాన్నే మళ్లీ పట్టే బాధ ఉండదు. ఇది విని పటేల్ ఒక షరతు పెట్టాడు. సోమవారం పొద్దున వచ్చి చూస్తాడు. అన్నింటికీ చెవి కోసి ఉంటే బండి ఉంటుంది. ఒక్క నిండు చెవి కనబడినా బండి లేస్తుంది.

వెల్డింగ్ షాపులో బోను చేయించాను. ముందు రోజు సాయంత్రం నుంచి పిల్లికి ఏమీ పెట్టొద్దని డాక్టరమ్మ చెప్పింది. యాకమ్మక్క సరేనంది. మానుకోట దాకా తీసుకుపోయాక మొదటి పిల్లి బల్ల మీద చేప ముల్లు కక్కింది. "ఆకలికి అరుస్తుంటె ఎట్ల చూడాలె తమ్మీ" అని యాకమ్మక్క ఎదురు నన్నే నిలదీసింది. అట్లా రెండుసార్లు ఉత్త చేతులతో తిరిగొచ్చాను. ఎట్లాగో పద్నాలుగు పూర్తయ్యాయి.

మిగిలింది వంకర తోకది. బూడిద రంగు ఆడపిల్లి. ఆ తోక వంకర చేసింది నేనే. నిరుడు వానాకాలంలో చూసుకోకుండా షట్టర్ దించితే కొన నలిగింది. అప్పటి నుంచి నేను కనబడితే పది అడుగుల అవతల ఉండేది. మొన్న దసరాకు మాత్రం కదల్లేక నా సంచుల మీదే నాలుగు కూనలను పెట్టింది. మూడోది పుట్టడం నేను, యాకమ్మక్క పక్కపక్కన నిలబడి చూశాం. ఆ కూనల్లో రెండు, ఇప్పుడు ఆపరేషన్ అయిన పద్నాలుగింటిలో ఉన్నాయి.

వంకర తోకకు తొమ్మిది రోజులు బోను పెట్టాను. ఎండు రొయ్యలు, కోడి కాలేయం, చివరికి నా టిఫిన్ డబ్బాలోని గుడ్డు. ప్రతిసారీ తలుపు పడి ఉంటుంది, ఎర ఉండదు, పిల్లి ఉండదు. ఆదివారం మధ్యాహ్నం అది బోను పైనే కూర్చుని మూతి కడుక్కుంటోంది. ఒళ్లు మండి ఫోటో తీసి డాక్టరమ్మకు పంపాను. ఫోటోలో రెండు చెవులూ నిండుగా, నిటారుగా ఉన్నాయి.

సోమవారం పొద్దున పటేల్ కర్రతో వచ్చాడు. కుట్లు చూడటానికి డాక్టరమ్మ కూడా వచ్చింది. యాకమ్మక్క చేప తలలు పరిచింది. పటేల్ కర్రతో చూపిస్తూ పద్నాలుగు లెక్కపెట్టాడు, పద్నాలుగూ కోసిన చెవులే. పదిహేనోది ఈ ఒక్క పూట రాకుంటే చాలనుకున్నాను. యాకమ్మక్క గరిటెతో ఉత్త గిన్నెనే కలుపుతోంది.

అప్పుడు వంకర తోక నా సంచుల్లోంచి దిగి, నిరుటి నుంచి నా నీడ కూడా తొక్కనిది, నేరుగా వచ్చి నా రెండు కాళ్ల మధ్య కూర్చుంది.

పటేల్ వంగి చూశాడు. "ఏంరా నర్సింగం, గిది గూడ అయింది గదా. మరి మొఖం గట్ల పెట్టినవేంది?"

కిందికి చూశాను. ఎడమ చెవి కొన లేదు. స్కేలు పెట్టి కోసినంత సాఫుగా ఉంది.

కత్తెర పట్టింది నేనేనని యాకమ్మక్క నా వైపు చూసింది. ఆమేనని నేను ఆమె వైపు చూశాను. రెండు క్షణాలకు ఇద్దరికీ అర్థమైంది, ఇద్దరం కాదని. పటేల్ మాత్రం బండి ఉండనీ అని చెప్పి, చేయి దులుపుకుని పోయాడు.

డాక్టరమ్మ దాన్ని ఒళ్లోకి తీసుకుంది. అది ఊరుకుంది. చెవి అంచు చూసింది, మానిపోయి వెంట్రుకలు కూడా వచ్చాయంది. పొట్ట మీద వెంట్రుకలు విడదీసి సన్నటి తెల్లటి గీత చూపించింది. "ఇది ఆపరేషన్ మచ్చనే. ఎట్ల చూసినా ఏడాది పైబడింది. నేను చేసింది కాదు."

"దసరాకు పిల్లలు పెట్టింది మేడమ్" అన్నాను.

"ఇంకో పిల్లి అయ్యుంటది."

తోక చూపించాను. షట్టర్ సంగతి చెప్పాను. ఆమె నన్ను వదిలేసి యాకమ్మక్క వైపు చూసింది. నా పేరు మానుకోట దాకా పోయిందన్నమాట.

"నేను గూడ చూసిన బిడ్డా. పాలు పోసింది నేనే" అంది యాకమ్మక్క.

డాక్టరమ్మ తన ఫోన్ తీసి ఆదివారం ఫోటో పెద్దది చేసి చూసింది. ఒళ్లోని చెవి చూసింది. మళ్లీ ఫోటో చూసింది. తర్వాత తన జాబితాలో పదిహేనో వరుసలో "బూడిద రంగు, వంకర తోక" అని రాసి, ఆపరేషన్ ఎవరు చేశారనే గడి ఖాళీగా వదిలేసింది. ఇప్పటికీ అది ఖాళీగానే ఉంది, మొన్న అడిగాను.

బండి ఉన్న చోటే ఉంది. కొత్త కూనలు లేవు. వంకర తోక ఇప్పుడు నా షట్టర్ కిందే పడుకుంటుంది. రోజూ దించే ముందు వంగి దాని తోక చూస్తాను, చెవి చూస్తాను, ఏమీ అర్థం కాక నడుము పట్టుకుని లేస్తాను.

ఇది విన్నవాళ్లంతా ఒకటే మాట. "అన్నా, నీ కథలల్ల గిదే బాగ లేదే. దయ్యమే లేకపాయె."

నా బాధ కూడా అదే. కల్పించేవాణ్ణయితే ఇంత చప్పగా కల్పిస్తానా? కనీసం కత్తెర పట్టుకున్న చేయి ఒక్కటన్నా చూపించేవాణ్ణి.