మైసమ్మకు మొక్కిన నల్లపిల్ల

కోడిపిల్ల పుట్టినప్పుడు ఎట్లుంటదో పెద్దగైనంక గట్లుండదు. గా ముచ్చట నాకు ఎరుకలేదా? ఊహ తెలిసినప్పటిసంది కోళ్లు సాదినదాన్ని. అయినా ఆనాడు మతి పనిచెయ్యలే.

నా పెనిమిటి మస్కట్ల కూలి పని చేసి, కిడ్నీలు పాడైనంక ఇల్లు చేరిండు. కరీంనగర్ దవాఖానకు తీస్కపోయి రక్తం కడిగిచ్చుకొస్తుంటిమి. ఆయన బతకాలంటే మైసమ్మకు మొక్కుమన్నది మా అత్త. మొక్కుకు కోసే పుంజు నల్లగుండాలె, ఒక్క ఈక గూడ వేరే రంగు ఉండొద్దు. కొనుక్కొచ్చింది పనికిరాదు, ఇంట్ల పొదిగిన పిల్లనే సాది ఇయ్యాలె. అప్పుడే మా పెట్ట పిల్లల్ని లేపింది. అండ్ల ఒకటి బొగ్గు ముద్ద లెక్కున్నది. దాని కాలుకు పసుపు దారం కట్టి, "అమ్మా, గిది నీది. ఆయన నాకు గావాలె" అన్న. దారం కట్టినంక మార్చరాదు, అమ్మరాదు, ఇంట్ల కోసుకోరాదు.

ముందుగాల రెక్కలకు ఈకెలొచ్చినయ్, నల్లగనే. జర ధైర్యమైంది. తర్వాత తోక మొలిచింది. నూగు బొచ్చు కుచ్చులు కుచ్చులు ఊడి, మెడ కాడ తోలు బయటపడి, రోగపుదాని లెక్క తిరిగేది. ఆ బోడి మెడకు కొత్త ఈకెలు దిగినయ్. ఎర్రగ, రాగితీగెల లెక్క. నడుం మీద గూడ అదే ఎరుపు.

"నీ కండ్లు ఏడవెట్టినవే? పిల్ల బొచ్చు జూసి దారం గడ్తరా ఎవలన్న?" అని మా అత్త మొత్తుకున్నది.

"నువ్వు పక్కనే ఉంటివి గద అత్తా."

"నాకు కండ్లు కనవడ్తె నీకెందుకు చెప్తనే?"

మంచంల ఉన్న ఆయన నవ్విండు. ముఖం ఉబ్బి, చేతులు పుల్లలై ఉన్నయ్. "గా కోడి కోసం లొల్లి వెట్టుకుంటరా? మస్కట్ పోయేనాటి ఫోటువ తియ్యున్రి. నేనన్న గుర్తువడ్తనా?"

మేం నవ్వలే.

తెల్లారి పుంజును ఒళ్లె వెట్టుకుని ఎర్ర ఈకెలు పీకుడు మొదలువెట్టిన. నల్లయి వస్తయేమో అని. రక్తం కారింది. కొన్నొద్దులకు కొత్తగ వచ్చినయి గూడ ఎర్రయే. మళ్ల పీకిన.

"ఇడిసిపెట్టవే" అన్నడాయన. "సూదులు గుచ్చిచ్చుకున్నోన్ని నన్నడుగు, ఎట్లుంటదో."

ఆ మెడ నిండకముందే ఆయన పోయిండు.

మూడొద్దులకు పిట్టకు పెట్టాలె. పోయినోళ్లకు ఇష్టమైనయి వండి కాకులకు పెడ్తం. కాకి ముట్టినంకనే ఇంట్లోళ్లు తినాలె. ఆయనకు కోడికూరంటే పానం. మరిది గంప లేపి దాన్నే పట్టిండు. నేను అడ్డం వోయిన. "అది మైసమ్మది. దారమున్నది."

అత్త ఏడుపు ఆపింది. "ఏం జేసిందే మైసమ్మ? కొయ్యిరా."

ఉడుకునీళ్లల్ల ముంచి ఈకెలు నేనే పీకిన. మెడ కాడ పీకేదేం లేకుండె. కూర వండి ఆకుల వెట్టి, దూరం జరిగి నిలవడ్డం. కాకి రాలే. ఎండెక్కింది, రాలే. నా పిల్లలు ఆకలికి ఏడుస్తుంటే, పొయ్యి మీది గంజుల మిగిలిన కూర వాళ్లకు వెట్టిన.

తిన్నరు. నేనూ తిన్న.