రెండో లైను

ముప్పై నాలుగేళ్లు స్తంభాలెక్కి దిగిన లైన్‌మన్‌కి రిటైరయ్యాక ఇంట్లో ఈగలు తోలుకుంటూ కూర్చోవడం చేతకాలేదు. భార్య పోయి మూడేళ్లు. తాళం తీసి లోపలికొస్తే పలకరించే దిక్కు లేదు. అందుకే పరాయిదేశంలో ఒక పాత బడికి వైరింగు పూర్తి చేసే స్వచ్ఛంద సేవకుడు కావాలంటే, జీతం లేదన్నా ఎగిరి గంతేశాడు. తిండీ పడకా అక్కడే స్థిరపడిన ఒక తెలుగు కుటుంబం చూసుకుంటుందన్నారు.

ఆ ఇంటి గుమ్మంలో పెద్దావిడ నిలబడి ఉంది. ఆయన్ని ఎగాదిగా చూసి, "వచ్చావా నాయనా? అన్నం ఎప్పుడో చల్లారిపోయింది," అంది.

అందరితో చనువుగా ఉండే మనిషి కాబోలనుకుని నవ్వాడాయన. ఆవిడ కోడలు ఒక చెప్పుల జత తెచ్చి కాళ్ల ముందు పెట్టింది. ఎడమ చెప్పు మడమ దగ్గర బయటి అంచు అరిగిపోయి ఉంది. చిన్నప్పుడు విరిగిన కాలు కావడంతో ఆయన చెప్పులు ఏవైనా సరిగ్గా అక్కడే అరుగుతాయి. కాలు పెడితే అతికినట్టు సరిపోయాయి.

"ఎవరివమ్మా ఇవి?"

"అదేంటన్నయ్యా, మీవేగా! ఆ రోజు బూట్లేసుకుని వెళ్లారు."

"నేనీ దేశానికి రావడం ఇదే మొదటిసారి తల్లీ!"

అత్తాకోడళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని, పేచీకోరు పిల్లాణ్ణి వదిలేసినట్టు ఊరుకున్నారు.

చక్కెర వద్దని ఆయన చెప్పలేదు; చక్కెర లేని టీయే వచ్చింది. కుడి చెవి వినపడదని చెప్పలేదు. పెద్దావిడ ఎడమవైపే కూర్చుని మాట్లాడేది. నిజం చెప్పొద్దూ, భయం వేస్తున్నా ఆయనకి అదంతా హాయిగానే ఉండేది. ఇన్నేళ్లకి ఒక ఇంట్లో తన కోసం ఎదురుచూస్తున్నారు. ఆ హాయే ఆయన్ని ఎక్కువ భయపెట్టింది.

ఒకరోజు కోడలే చెప్పింది. "బడిలో చివరి గది ఒక్కటే మిగిలిందనీ, మధ్యాహ్నం అన్నానికి వచ్చేస్తాననీ చెప్పి మీరు వెళ్లారు. మళ్లీ రాలేదు. బడివాళ్లు ఆ గదికి తాళం వేసేశారు. అత్తయ్య అప్పట్నుంచీ రోజూ ఒక కంచం మూతపెట్టి ఉంచుతుంది."

"ఆయనెవరో పోయుంటాడమ్మా."

"పోతే ఎలా వస్తారన్నయ్యా?" అని నవ్వేసి, ఆమె బట్టలు ఆరెయ్యడానికి వెళ్లిపోయింది.

మిగతా గదులన్నీ సరిచూడడం అయింది. చివరి గది తాళం తీసిన ఉదయం ఆయనకి అడుగు ముందుకు పడలేదు. తిరుగు టికెట్టు జేబులోనే ఉంది. కానీ పని సగంలో వదిలేసి పోవడం ఆయన ఇంటావంటా లేదు. పైగా రేపు ఆ గదిలో పిల్లలు కూర్చుంటారు.

మెయిన్ స్విచ్ ఆపి వచ్చి, స్విచ్‌బోర్డు మూత విప్పాడు. లోపల మడతపెట్టిన కాగితం. పని చేసేచోట పెన్సిల్‌తో చీటీ రాసి పెట్టుకోవడం ఆయన అలవాటు. ఆఫీసులో అందరూ ఎగతాళి చేసేవారు. విప్పాడు.

"మెయిన్ ఆపాను."

తెలుగులో. కొమ్ముని తోకలా కిందికి లాగే తన చేతిరాతలో.

కటింగ్ ప్లేయర్ వైరుకి జానెడు దూరంలో ఆగిపోయింది. మెయిన్ తనే ఆపాడు, తన కళ్లతో చూశాడు. తన చేత్తో ఆపిన మెయిన్‌ని ఆయన ఎన్నడూ అనుమానించలేదు. మొదటిసారి అనుమానించాడు. టెస్టర్ తీసి ఆనించాడు.

టెస్టర్ వెలిగింది.

ఎవరో మహానుభావుడు పక్క భవనం నుంచి ఇంకో లైను లాగి, ఎవరికీ చెప్పకుండా ఈ గదికి కలిపాడు. వెతికి వెతికి దాన్ని తెంపేసరికి పొద్దు నడినెత్తికొచ్చింది. ఆ చీటీ కిందే పెన్సిల్‌తో రాశాడు: "రెండో లైను కూడా ఉండేది. తీసేశాను. అయినా టెస్టర్ పెట్టి చూసుకో." ఎవరికి రాస్తున్నాడో ఆలోచించడానికి ధైర్యం చాల్లేదు.

ఇంటికొచ్చి బూట్లు విప్పి, ఆ చెప్పుల్లోనే కాళ్లు పెట్టాడు. పెద్దావిడ కంచం మీద మూత తీసింది. అన్నం పొగలు కక్కుతోంది.

"ఈసారైనా వేళకి వచ్చావు నాయనా," అంది.

ఆయనకి కళ్లనీళ్లు ఆగలేదు.

"చాలా ఆలస్యం చేశాను పెద్దమ్మా," అన్నాడు.