ముప్పై ఒకటో సమ్మతి పత్రం

ఆ రోజుల్లో నేను చాలా తెలివైనదాన్ని. ఇప్పుడు యూనివర్సిటీలో న్యాయశాస్త్రం పాఠాలు చెబుతూ రోజుకొక సంగతి తెలియదని ఒప్పుకుంటున్నాను గానీ, అదే లా విభాగంలో పీహెచ్‌డీకి చేరిన కొత్తలో నాకు తెలియని చట్టం భూమ్మీద లేదన్నట్టు నడిచేదాన్ని. (ఆ నడకకే చెప్పులు అరిగిపోయేవని మా అమ్మ అంటుంది.) నా పరిశోధన అంశం శ్రీకాకుళం తీరంలో చేపలవేట చేసే ఊళ్లవాళ్లు కోర్టుకెక్కకుండా తగవులు తీర్చుకునే పద్ధతులు. చీపురుపల్లి దగ్గర చోళ్లూ నువ్వులూ పండించే ఇంట్లో పుట్టి, కార్తీకమాసం స్నానానికి తప్ప సముద్రం మొహం చూడనిదాన్ని, ఇది ఎందుకు ఎంచుకున్నానని అడక్కండి. గైడు గారు "ఇంతవరకూ ఎవరూ చెయ్యలేదమ్మా" అన్నారు. ఆ ఒక్క మాటకే పడిపోయాను.

ముప్పై మందిని ప్రశ్నలు అడగాలి. అడిగేముందు ప్రతివాళ్ల చేతా సమ్మతి పత్రం మీద సంతకమో వేలిముద్రో తీసుకోవాలి. అప్పటికే నాకు రెండుసార్లు గడువు పొడిగించారు. సోమవారం సెమినార్లో ఆ కాగితాలు చూపించకపోతే రిజిస్ట్రేషన్ రద్దు. గైడు గారు చాలా మంచివారు కనక "మూడోసారి కమిటీ కాళ్లు పట్టుకునే ఓపిక నాకు లేదమ్మా" అని నెమ్మదిగానే చెప్పారు. శుక్రవారం సంచీ తగిలించుకుని బయల్దేరాను. ఆటోలో నా పక్కన చేపలమ్ముకుని ఊరికి తిరిగెళ్తున్న ఒకావిడ ఖాళీ గంప ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. (నా థీసిస్‌లోనూ, నా మనసులోనూ ఆవిడ పేరు గంపమ్మే.) "ఎవులమ్మాయివే? పెళ్లయినాదా? ఆ సంచీలో ఏటున్నాది?" అంటూ మొదలెట్టి, దిగేలోపు నా జాతకమంతా లాగేసింది. ప్రశ్నలు అడగడంలో ఎంతో శిక్షణ పొందిన నేను ఆవిడనొక్కటీ అడగలేకపోయాను.

ఊళ్లో వలలు బాగుచేసుకుంటున్న పదిమంది కనబడగానే, ముందువెనకలు చూడకుండా నిలబడి సమ్మతి పత్రం గట్టిగా చదివాను. అది నా సొంత రచన. "ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, నేను నా పూర్తి ఇష్టముతో, ఎవరి బలవంతమూ లేక, ఈ పత్రముపై వేలిముద్ర వేయుచున్నాను..." అంతే, వలలు కిందపడ్డాయి. ఆ ఊరి పెద్ద, అందరూ తాత అని పిలిచే ఆయన, లేచి నిలబడ్డాడు. "ఇట్టంతో, బలవంతం నేకుండా అన్నాదంటే అది అమ్మకం కాయితవేరా. ఏటమ్మేత్తన్నాం మనం?" అన్నాడు. మరో అరగంటకి ఊరు ఊరంతా ఊరి మధ్య పాక కింద చేరింది. తగవులు తీర్చే పద్ధతి చూద్దామని వచ్చినదాన్ని, చక్కగా ముద్దాయి స్థానంలోంచి చూశాను.

బయటివాళ్ల మాట వినాలంటే ఊళ్లో ఒకరు వాళ్ల తరపున పూచీ ఉండాలట. లా డిగ్రీలో నాకొచ్చిన బంగారు పతకం గురించి చెప్పబోయాను గానీ ఎవరూ పట్టించుకోలేదు. వెనకనుంచి గంపమ్మ లేచి, "నానుంటాను. పిల్ల మంచిదే, మాటలే ఎక్కువ" అంది. నా తరపున వాదించిన మొట్టమొదటి లాయరు ఆవిడే. తాత నాకేసి తిరిగి, "మా గుట్టు నీకు సెప్పాలంటే ముందు నీ గుట్టు మాకు సెప్పాల. ఆ పెశ్నలన్నీ ముందు నీకే. ఏలిముద్ర ఏసి మొదలెట్టు" అన్నాడు. సంతకం చేస్తానంటే కుదరదన్నారు. సిరా వేలితో ఆ పత్రం వెనకే అచ్చేయించిన నా ప్రశ్నలు నేనే చదువుకుంటూ, నేనే జవాబు చెప్పుకుంటూ పన్నెండో దానికొచ్చి ఆగిపోయాను. "మీ కుటుంబములో తగాదా ఏదైనా కలదా? ఎవరిని ఆశ్రయించితిరి? పరిష్కారమైనదా?"

అబద్ధమాడదామనే అనుకున్నాను. ఎదురుగా గంపమ్మ నన్నే చూస్తోంది. జీడితోటలో రెండు మూరల గట్టు కోసం మా నాన్నకీ బాబాయికీ తొమ్మిదేళ్లుగా విజయనగరం కోర్టులో కేసు నడుస్తోందనీ, ఇద్దరి ఇళ్లకీ ఒకటే గోడైనా మాటల్లేవనీ చెప్పేశాను.

"తీరినాదా?" అన్నాడు తాత.

"వాయిదా పడింది తాతా."

పాక దద్దరిల్లేలా నవ్వారు. "ఓలమ్మ! మీ ఇంటి తగువలగ ఏలాడేసి మా తగువులు రాసుకోడానికొచ్చినావేటే తల్లీ!" అంది గంపమ్మ, నా తరపు లాయరన్న సంగతి మరిచిపోయి. నాకు సిగ్గుతో ఏడుపొచ్చేసింది. తాత మాత్రం నవ్వలేదు. "మాకాడ ఇద్దరు తగువాడుకుంటే ఒకే తెప్ప ఎక్కించేత్తాం. తీరిందాకా ఆలిద్దరే యాటకెల్లాల. ఒకడు తెడ్డేసి ఇంకోడు మూతి ముడుసుకుంటే తెప్ప ముందుకెల్లదు కదా? మీ నాన్నకీ బాబాయికీ సెప్పు, వాయిదాకి ఇద్దరూ ఒకే బండి మీద ఎల్లాల. ఇదే మా తీర్పు. నువ్వు సెప్పకపోతే నీకు పూచీ ఉన్న ఈవిడి మాట పోతాది" అన్నాడు. చీకటి పడేలోపు ముప్పై వేలిముద్రలూ పడ్డాయి.

సోమవారం గైడు గారు కాగితాలు లెక్కపెట్టి "ముప్పై ఒకటున్నాయేమిటి?" అన్నారు. పైనున్న నా కాగితం తీసి చదివి, కళ్లజోడు తీసి తుడుచుకునేదాకా నవ్వారు. సెమినార్ గట్టెక్కింది. ఇంట్లో చెప్పడమే గట్టెక్కలేదు. వారం వారం గంపమ్మ ఫోను: "సెప్పినావా నేదా? నా మాట పోతాదే!" చివరికి ఒకరోజు అన్నం దగ్గర కళ్లు మూసుకుని చెప్పేశాను. నాన్న సగం అన్నంలోనే చెయ్యి కడుక్కున్నాడు. తరవాతి వాయిదా రోజు పొద్దున్న తనే వెళ్లి బాబాయి గుమ్మం ముందు బండి ఆపి, అటు చూడకుండా హారన్ కొట్టాడు. కొట్టాడు, కొట్టాడు, వీధంతా బయటికొచ్చింది. బాబాయి కేసు కాగితాల సంచీ తెచ్చి తమ ఇద్దరి మధ్యా పెట్టుకుని వెనక్కి తిరిగినట్టు కూర్చున్నాడు. వెళ్లేటప్పుడు మాటల్లేవట. వచ్చేటప్పుడు మాత్రం ఏ హోటల్లో పెసరట్టు బాగుంటుందన్న దాని మీద దెబ్బలాడుకుంటూ వచ్చారు.

మొన్న ఊరెళ్లినప్పుడు కూడా వాయిదాకే తయారవుతున్నారు. ఇద్దరికీ జుట్టు నెరిసింది. "రాజీ కాగితం నేనే రాస్తాను, ఆ కేసు తీసేయించుకోండి బాబాయ్" అన్నాను. ఆయన నాకేసి జాలిగా చూశాడు. "అంత సదువు సదివినావు, ఆమాత్రం తెలీదేటే? కేసు తీసేత్తే మరి మేవిద్దరం కలిసి ఎక్కడికెల్తాం?" అన్నాడు. నాన్న "బేగి ఎక్కరా" అని హారన్ కొట్టాడు.

ఆ ముప్పై ఒకటో కాగితం ఇప్పటికీ నా బల్ల సొరుగులో ఉంది. పన్నెండో ప్రశ్న చివర "పరిష్కారమైనదా" అన్నచోట గడి ఖాళీగానే ఉంది. ఆ రోజుల్లో అయితే అవుననో కాదనో ఠక్కున రాసేసేదాన్ని. అప్పుడు చాలా తెలివైనదాన్ని కదా.