ఫెన్యా కుండలో దిగిన కోడి

ఆ లోయలో ఫెన్యా పెరెపెల్కిన్ కాచే బోర్ష్ చారుకు పెద్ద పేరు. చలికాలంలో నది అంచులు గడ్డకట్టినప్పుడు, ఆదివారం ప్రార్థనకు వచ్చేవాళ్లలో సగం మంది దేవుడి కోసం, సగం మంది ఆమె చారు కోసం వచ్చేవారు. ఈ మాట అన్నది ఇంకెవరో కాదు, ఫెన్యాయే. వినయం ఆమె పోపులపెట్టెలో లేని దినుసు.

ప్రాణం తియ్యకూడదని తాతలు తుపాకులు తగలబెట్టి, రష్యా విడిచి కెనడా చేరిన దుఖోబార్ల బిడ్డ ఆమె. పుట్టి బుద్ధెరిగి మాంసం ముట్టలేదు. కోడలు జొలీన్ మాత్రం వేటగాడి కూతురు. పెళ్లితోనే మాంసం మానేసినా, అత్తగారి దృష్టిలో ఆ చేతులకు దుప్పి నెత్తురు ఇంకా ఆరలేదు. అందుకే ప్రార్థన మందిరం వంటింట్లో ఆమెకు దుంపల చెక్కు తీసే పనే దక్కేది. వెన్నలో ఉల్లిపాయలు వేయించడం నమ్మిన చేతులకే.

ఆ ఆదివారం క్యాబేజీ చలికి దెబ్బతిని చప్పబడింది. టమాటాలు, మీగడ, సోయికూర ఎంత వేసినా చారు కుదరలేదు. ఫెన్యా అటూ ఇటూ చూసి, సంచిలోంచి కూరగాయల పొడి డబ్బా తీసి కుండలో గుమ్మరించింది. పొడులు వాడేవాళ్లను నలుగురిలో కడిగిపారేసే మనిషికి అదో దొంగ అలవాటు. డబ్బా అలాగే బల్ల మీద వదిలేసి రుచి చూసింది.

“అమృతం!” అంటూ కుండలోంచి బీట్‌రూట్‌ను చెక్కుచెదరకుండా పైకి తీసింది. “చూడవే పిల్లా, ఇది రంగిచ్చి బయటికి వచ్చెయ్యాలి. లోపల కూర్చుని పెత్తనం చెయ్యకూడదు. కోడళ్లూ అంతే.”

ఆడవాళ్లు పకపకా నవ్వారు. జొలీన్‌ను కుండ దగ్గర ఉంచి మిగతా అందరూ ప్రార్థనకు వెళ్లారు.

తిరిగొచ్చేసరికి కుండ ఖాళీ. జొలీన్ మొహం ఎర్రబడి ఉంది.

“తప్పయిపోయింది అత్తయ్యా. ఉప్పు డబ్బా మూత ఊడి మొత్తం పడిపోయింది. పారబోశాను.”

“నిన్ను కుండ దగ్గర వదిలి వెళ్లాను చూడు, నాదే బుద్ధితక్కువ!” ఫెన్యా అందరి ముందూ విరుచుకుపడింది. “దుప్పిని గురిచూసి కొట్టడం వచ్చుగానీ, మూత బిగించడం రాదు. ఏం పెంపకమే మీది!”

జొలీన్ వంగి ఖాళీ కుండ తోమడం మొదలుపెట్టింది. జనం రొట్టె, ఊరగాయ దోసకాయలు తిని చలిలోకి వెళ్లిపోయారు.

ఇంటికొచ్చి సంచి తెరిస్తే, పాత్రలు తుడిచే గుడ్డలో చుట్టి ఉంది ఆ పసుపురంగు పొడి డబ్బా. బల్ల మీద వదిలేసిన దాన్ని అలా దాచిపెట్టింది జొలీనే అయ్యుండాలి. కళ్లద్దాలు పెట్టుకుని చూసింది. ఎప్పటి రంగే, ఎప్పటి అక్షరాలే. మూలన మాత్రం కోడి బొమ్మ ఉంది. అది కూరగాయల పొడి కాదు, కోడిమాంసం పొడి.

ఫెన్యా కుర్చీలో కూలబడింది. ఆ చారునా అమృతమంది! కానీ నోట్లోకి వెళ్లినదానికన్నా నోట్లోంచి వచ్చినదే ఆమెను ఎక్కువ కాల్చింది. నోరా వీపుకు చేటు అని ఊరికే అన్నారా! జొలీన్ ఎవరికీ చెప్పదు. డబ్బా పొయ్యిలో పడేస్తే పరువు దక్కుతుంది. వారమంతా ఫెన్యా తేలు కుట్టిన దొంగలా గడిపింది. “మోకాళ్లు ఎలా ఉన్నాయి అత్తయ్యా?” అని కోడలు పలకరిస్తే సిగ్గుతో తలెత్తలేకపోయింది.

ఎదుటి మనిషిలో ఉన్న దేవుడికి నేల దాకా వంగి మొక్కడం వాళ్ల ఆచారం. జొలీన్ ఎదురైనప్పుడు మాత్రం ఇన్నేళ్లూ ఫెన్యాకు మోకాళ్ల నొప్పి అడ్డొచ్చేది.

మరుసటి ఆదివారం మందిరం వంటింట్లో క్యాబేజీ తరుగుతున్న ఆడవాళ్ల మధ్య ఫెన్యా ఆ డబ్బా పెట్టింది.

“మొన్న కుండలో కోడిని దింపింది నేను. కళ్లద్దాలు లేక చూసుకోలేదు. ఈ పిల్ల చూసి పారబోసి, తప్పు తన నెత్తిన వేసుకుంది.”

కత్తులు ఆగిపోయాయి. ఫెన్యా చిన్ననాటి స్నేహితురాలు మావ్రా నోరు తెరిచింది.

“అయితే... నువ్వు పొడి వేస్తావటే?”

“ఏళ్ల తరబడి.”

ఫెన్యా బల్ల పట్టుకుని, మూలుగుతూ మోకాళ్ల మీదికి దిగింది. జొలీన్ తడి చెప్పుల ముందు నుదురు నేలకు ఆనించింది.

“లేవండి అత్తయ్యా, అందరూ చూస్తున్నారు!”

“చూడనీవే. తిట్టినప్పుడూ చూశారుగా.”

తీరా లేవబోతే మోకాళ్లు సహకరించలేదు. జొలీనే చంకల కింద చేతులు వేసి పైకి లేపింది. ఫెన్యా ఆమె కళ్లలోకి చూడలేదు. ఉల్లిపాయల గిన్నె, వెన్న ముద్ద ఆమె చేతికిచ్చి, వెళ్లి దుంపల బుట్ట ముందు కూర్చుంది.