ఊరంతా విన్న రేసు

ముందు గోరుతో మైకును మూడుసార్లు గీకిన చప్పుడు వినిపించేది. ఆ తర్వాత చిన్న దగ్గు. ఆదివారం మధ్యాహ్నం భోంచేసి నడుం వాల్చినవాళ్ళు కూడా ఒక చెవిని కిటికీ దగ్గర ఉంచి పడుకునేవారు. అప్పుడు వచ్చేది ఆ గొంతు. కాస్త బొంగురుగా, కాస్త వెచ్చగా, ఎండలో ఆరేసి తెచ్చిన దుప్పటిలా.

ఆ గొంతుగల మనిషిని అందరూ మైకు బాబాయ్ అనేవారు. వారమంతా ఆయన రేడియోలూ ఫ్యాన్లూ బాగుచేసేవాడు. గదంత కొట్టు. బల్ల మీద మూతలేని సీసాల్లో స్క్రూలు, గోడకు చుట్టలు చుట్టిన వైర్లు, ఎప్పుడూ ఏదో ఒకటి కాలిన వాసన. ఆదివారం మాత్రం ఊరి చివర, పాత ఇటుక బట్టీ నేలలో, మోటారు సైకిళ్ళు పరిగెత్తే మట్టి ట్రాక్ పక్కన చెక్క మంచె ఎక్కేవాడు.

రేసులో బండ్లు నడిపేవాళ్ళు ఎక్కడినుంచో దిగివచ్చినవాళ్ళు కారు. వెల్డింగు పనివాడు, పాలు పోసే ఆయన, పోస్టాఫీసు గుమాస్తా. వారమంతా గుమ్మం ముందు కనిపించే ముఖాలే, ఆదివారం దుమ్ము కప్పుకుని కొత్తవయ్యేవి.

ఒక ఏడాది, జనం కూర్చుని రేసు చూసే మెట్లు ఖాళీ అవుతూ వచ్చాయి. టైర్ల కొట్టు నడిపే రేసు క్లబ్బు సెక్రటరీ ఒక సాయంత్రం ముఖం వేలాడేసుకుని వచ్చాడు.

"స్థలం వాళ్ళు గోదాములు కట్టుకుంటారట బాబాయ్. సీజను చివరి ఆదివారం మెట్లు నిండకపోతే ట్రాక్ ఇక లేనట్టే."

"జనానికి మన సంగతి తెలియడం లేదయ్యా, అదీ జబ్బు. నాకొదిలెయ్."

నాలుగు రోజులు కొట్టు మూసి, పాత హారన్ స్పీకర్లు ఎక్కడ దొరికితే అక్కడ పోగుచేశాడు. వాటిని బట్టీ పొగగొట్టం పైకెక్కించి, మూతులన్నీ ఊరివైపు తిప్పి కట్టాడు. "చెవుల్లో దూది పెట్టుకున్నవాడు కూడా లేచి రావాల్సిందే" అన్నాడు, చేతుల మసి తుడుచుకుంటూ.

ఆ ఆదివారం ఆయన ఎన్నడూ చెప్పనంత బాగా చెప్పాడు. "వెల్డింగు తమ్ముడు మలుపు తిరిగాడు! మట్టి లేచింది, మనిషి మాయం! ఆ మట్టిలోంచి అదిగో, పాలాయన ముందు చక్రం..." మాటలు కాలవలూ గోడలూ దాటి, ఆరేసిన చీరల మధ్యనుంచి దూరి వెళ్ళాయి. మెట్లమీద మాత్రం జనం ఇంకా పలచబడ్డారు. పై ఆదివారం ఇంకా.

మూడో ఆదివారం ఆయన భార్య, ఇంట్లోనే బట్టలు కుట్టే ఆవిడ, ఆరిన గుడ్డలు తీయడానికి మేడ ఎక్కింది. చుట్టూ చూసి అలాగే నిలబడిపోయింది. ప్రతి మేడ మీదా చాపలు, దిండ్లు, వేరుశనగ తొక్కలు. కళ్ళు మూసుకుని ఊరు ఊరంతా రేసు వింటోంది.

గుడ్డలు అక్కడే పడేసి, గబగబా ట్రాక్‌కి నడిచి, మంచె ఎక్కింది.

"రేసు నడుస్తోందే, ఇప్పుడేంటి?" అన్నాడు మైకుకు చెయ్యి అడ్డం పెట్టి.

"నడుస్తోంది, మన మేడల మీద. పక్కింటి వదిన ఏమందో తెలుసా? అన్నయ్య నోట్లోనే చక్రాలు తిరుగుతుంటే దుమ్ము కొట్టించుకోడానికి అంతదూరం దేనికమ్మా, అంది."

ఆయన ముందు పొంగిపోయి నవ్వాడు. ఆ నవ్వు సగంలో ఆగింది. ఖాళీ మెట్లవైపు చూశాడు.

"అయితే నన్ను నోరు మూసుకోమంటావు."

"ఇన్నేళ్ళ కాపురంలో నావల్ల కాలేదు. ట్రాక్‌ వల్లన్నా అవుతుందేమో చూద్దాం."

చివరి ఆదివారానికి ముందు వారమంతా ఆయన సైకిలుకు ఒక్క స్పీకరు కట్టుకుని సందులన్నీ తిరిగాడు. రేసు గురించి ఒక్క ముక్క చెప్పలేదు, మనుషుల గురించే చెప్పాడు. "ఈ సందులో గేట్లన్నీ అతికించిన చెయ్యి ఆదివారం ఏం చేస్తుందో వచ్చి చూడండి." ఎవరి సందు మొదట్లో వాళ్ళ బండిని, మట్టి కడగకుండా నిలబెట్టించాడు. ఆడవాళ్ళు ఎండిన మట్టిని వేలితో గీకి చూసి, "ఇది మన పాలాయనదేనా? పాలు పోసేటప్పుడు నత్తలా వస్తాడే!" అని నవ్వుకున్నారు.

ఆదివారం వచ్చింది. మెట్లు సగం కూడా నిండలేదు. మిగతా ఊరు మేడలమీద సర్దుకుంది. మొదటి రేసు మొదలైంది, గొంతు అందుకుంది. అయిదో చుట్టులో, "ఇద్దరూ పక్కపక్కనే! మలుపులో లోపలి దారి పట్టింది ఎవరయ్యా అంటే..." అని, మైకు కట్టేసి, మంచె మీద పక్కనే కూర్చున్న భార్య చేతిలో పెట్టాడు. తనను తాను నమ్మలేక. ఆవిడ దాన్ని వైరుతో సహా పీకి, కుట్టుపని సంచిలో కుక్కి, ముడివేసి ఒళ్ళో పెట్టుకుంది.

సెక్రటరీ పరిగెత్తుకొచ్చాడు. "కరెంటు పోయిందా బాబాయ్?"

"కరెంటుంది. నేనే లేను."

ఇంజన్ల హోరు ఒక్కటే మిగిలింది. ఆయన నాలుక పళ్ళ వెనక కట్టేసిన దూడలా కొట్టుకుంది. తువ్వాలు కొరికి పట్టుకున్నాడు. భార్య ఆయన మోకాలి మీద చెయ్యి వేసింది.

కాసేపటికి రోడ్డు మీద దుమ్ము లేచింది. ఒక సైకిలు. తర్వాత నలుగురు. తర్వాత లెక్కకందనంత మంది. సగం గడ్డం నురుగుతో ఒకాయన. చాప చంకలోనే మర్చిపోయిన పక్కింటి వదిన, రొప్పుతూ, "సగంలో ఆపుతావా అన్నయ్యా, నీకిది న్యాయమేనా!" అని అరుస్తూ. ఆయన నోరు తెరవలేదు, మెట్లవైపు చెయ్యి చూపించాడు. ఆఖరి రేసు వేళకు మెట్లు నిండి, జనం ఇటుకల గుట్టలెక్కారు. ఎవరూ ఏమీ చెప్పకుండానే ఆ రేసు నడిచింది. అరవడం మాత్రం ఊరంతా అరిచింది.

ఆ తర్వాత ట్రాక్ పన్నెండేళ్ళు బతికింది. ఇప్పుడక్కడ గోదాములే ఉన్నాయి. మైకు బాబాయ్ గొంతు సన్నబడింది, దగ్గరికి జరిగితేగాని వినపడదు. కానీ ఆ రోజుల సంగతి ఎత్తితే కూర్చున్న కుర్చీని ముందుకు లాక్కుంటాడు. గేట్ల రంగులూ బండ్ల నంబర్లూ ఒక్కటీ తప్పు పోకుండా చెబుతాడు. మొన్న వాళ్ళింటికి వెళ్ళి అన్నీ విన్నాక, ఆ ఆఖరి రేసు గెలిచిందెవరని అడిగాను.

ఆయన భార్యవైపు చూశాడు. ఆవిడ సూదిలో దారం ఎక్కిస్తూ నవ్వింది.

"అదొక్కటి మాత్రం నన్నడక్కమ్మా. నేను ట్రాక్ వైపు తిరిగితేగా. ఆ మెట్లమీది ముఖాల్నే చూస్తూ నిలబడిపోయాను."