సీతారామయ్యగారి చేదు గ్లాసు

సీతారామయ్యగారికి ఉన్న అలవాటు ఒక్కటే: కనబడిన మనిషిచేత ఆర్టిచోక్ ఆకు కషాయం తాగించి, తాగుతున్నంతసేపూ అతని కళ్లలోకి రెప్ప వేయక చూడడం.

నేను వారిని తొలిసారి చూచినది 2023 జూలై 19, బుధవారం, ఉదయం ఆరు గంటల నలభై నిమిషాలకు. సన్నని తుంపర. నాచారం పాత ఊరి సందులో మా గేటు బయట, తెల్లని రెయిన్‌కోటులో ఒక పొడవాటి ఆకారం కదలక నిలిచి ఉన్నది. వచ్చిన అడుగుల చప్పుడు లేదు. వీధికుక్కలు సైతం మొరగలేదు.

"పైకి చూస్తూ తాగండి," అని గ్లాసు చాచారు.

తాగాను. వేపను పాయసమనిపించే చేదు. వారి ముఖం నా ముఖానికి జానెడు దూరంలో ఆగింది.

"ప్రస్తుతానికి మీకేమీ లేదు," అని తుంపరలో కలిసిపోయారు.

వారు ప్రభుత్వ ప్రయోగశాలలో పనిచేసి పదవీ విరమణ చేసినవారు. మేడమీది కుండీలలో ముళ్ల మొగ్గలు వేసే ఆ పరదేశపు మొక్కలను పెంచేవారు. వాటికి కప్పిన తెల్లగుడ్డలు గాలికి కదిలితే, ముసుగు మనుషులు పిట్టగోడ మీదుగా వీధిని పరికిస్తున్నట్లుండేది.

"ఆ చూపు నేను పెళ్లినాటినుంచీ భరిస్తున్నానండీ. మీకు పొద్దున ఒక్కసారే కదా," అన్నారు వారి శ్రీమతి సూర్యకళగారు.

మా పక్కింటి సక్కుబాయి మాత్రం గొంతు తగ్గించి చెప్పింది. "తాగనిస్తే ఫికర్ లేదు సార్. గ్లాసు వాపసు గుంజుకుండనుకో, గా ఇంటి ముంగట అంబులెన్స్ ఆగుతది. ఎన్క గల్లీల ఉండే కమలకుమారికి గట్లనే అయింది."

ఆమె దిగులు భర్త ఆగయ్య గురించి. ఉప్పల్ రింగు రోడ్డులో ఆటో నడిపే ఆగయ్యకు కుడి డొక్కలో నొప్పి, ఒళ్లంతా దురద. ఆమె ఎంత బతిమాలినా, "దవాఖానకు పోతే లేని రోగం జెప్తరు," అనేవాడు. సీతారామయ్యగారి కంటబడకుండా ఉండడానికి, ఇంజను చప్పుడు కానీయక ఆటోను సందు చివరిదాకా తోసుకుపోయేవాడు.

జనవరిలో ఒకనాటి ఉదయం దట్టంగా మంచు పట్టింది. ఆగయ్య వంగి ఆటోను తోస్తున్నాడు. ఉన్నట్టుండి బండి ఆగిపోయింది. తలెత్తితే, ముందు అద్దానికి చేయి ఆనించి తెల్లని ఆకారం.

"గ్లాసు పట్టు, ఆగయ్యా."

తప్పించుకునే దారి లేక గ్లాసు అందుకుని తలెత్తాడు. గుటక పడకముందే ఒక చల్లని చేయి గ్లాసు లాక్కున్నది. కషాయం నేలపాలయింది.

"ఏంది సారూ, అందరికి పోస్తరు, నాదెందుకు పారబోస్తిరి?"

"నీకిది పనికిరాదు."

"జర ఒక్క గుటక పొయ్యుండ్రి సారూ. చేదైనా మంచిదే."

"స్కానింగ్ తీయించుకుని రా. అప్పుడు పోస్తాను."

అప్పటికే సక్కుబాయి ఇంటికి తాళం వేసి, ఆటో వెనుక సీట్లో కూర్చున్నది. "నడువు. ఇయ్యాల నేనే నీ గిరాకి."

పిత్తాశయంలో రాళ్లు; ఒకటి జారి పైత్యనాళానికి అడ్డుపడింది. ఇంకొంత ఆలస్యమైతే ప్రాణం మీదికి వచ్చేదన్నారు డాక్టర్లు.

"నాళం మూసుకుపోయినవాడికి ఈ ఆకు ఇవ్వకూడదు," అన్నారు సీతారామయ్యగారు, నేనడిగినప్పుడు. "మిగతావాళ్లకు కడుపుబ్బరం కొంత తగ్గుతుందంటారు. తగ్గకపోయినా నాకు పేచీ లేదు."

"మరి ఈ తిప్పలెందుకండీ?"

"ఊరికే వెళ్లి కళ్లు చూపించమంటే ఎవరు చూపిస్తారండీ? ఇంత చేదు మింగేటప్పుడు ఎవడైనా కళ్లు తేలేస్తాడు. తెల్లగుడ్డులో కామెర్ల పసుపు ఉంటే పగటి వెలుగులో దాగదు. ఏదీ, మీరోసారి పైకి చూడండి."

ఆగయ్యకు శస్త్రచికిత్స జరిగింది. ఆరోగ్యంగా ఆటో నడుపుతున్నాడు. సీతారామయ్యగారి ఉదయపు సంచారం యథాప్రకారం సాగుతున్నది. డాక్టరు అనుమతించినా, ఆగయ్య కషాయానికి మళ్లీ ముఖం చాటేస్తున్నాడు. అందుచేత ఆటో తాళంచెవిని సక్కుబాయి ముందునాడే సీతారామయ్యగారి ఇంట అప్పగించి వస్తున్నది.