అక్క ఫోను పట్టుకున్న అక్షరాలు

తడబడే గొంతుతోనైనా సత్యం పలికించగల దేవునికి స్తోత్రం. ఇది రాస్తుంటే ఇప్పటికీ నా ఆనందం ఆగడం లేదు.

వన్ టౌన్‌లోని మా సంఘంలో ఏ పనికైనా ప్రథమ ఫలం ప్రభువుదే. మొదటి జీతమైనా, చెట్టుకు కాసిన మొదటి మునక్కాయలైనా ముందు ప్రార్థన కూటానికి రావాలి. అచ్యుతాపురం ఫ్యాక్టరీ కార్మికుల ఆరోగ్యం మీద మా తమ్ముడు పీహెచ్‌డీ థీసిస్ ముగించాడు. సోమవారం యూనివర్సిటీలో ఇవ్వాలి. అందుకే శనివారం కూటంలో మొదటి ప్రతి పెట్టించింది అమ్మ. సంఘమంతా అక్కా అని పిలిచే పెద్దావిడకు చూపు లేదు. ఇంగ్లీషు టీచరుగా పనిచేసి రిటైరయ్యారు. ఏది చదవాలన్నా ఫోనే ఆవిడకు చదివి వినిపిస్తుంది. ఆవిడ కూడా వినాలని ఫైలు పంపాను.

మొదటి అధ్యాయం సాఫీగా సాగింది. రెండోదానిలో ఫోను మాటమాటకీ ఆగి, ముక్కలు ముక్కలుగా పలికింది.

"తమ్ముడూ, నా ఫోనుకి నత్తొచ్చింది. ఏటి సేసినావు?"

వాడు తల దించుకుని చెప్పాడు. ఆ అధ్యాయంలో చాలా పేరాలు ఇతరులవి. కాపీని పట్టే యంత్రానికి దొరక్కుండా ఒక సాఫ్ట్‌వేర్‌తో ఇంగ్లీషు అక్షరాల మధ్య అచ్చం అలాగే కనిపించే రష్యన్ అక్షరాలు పెట్టించాడు. ఫోను వాటి దగ్గరే తడబడింది. బయటపడితే ఏళ్ల కష్టం వృథా అయిపోతుంది.

"కంటికి తెలీదన్నారక్కా."

"నాకు కళ్లెక్కడున్నాయిరా?"

కూటమంతా నవ్వింది. వాడూ నవ్వేశాడు, కళ్లు తుడుచుకుంటూనే. ఆ అధ్యాయంలోని పాత పరిశోధకులు ఏం చెప్పారో తనకు తెలుగులో చెప్పమన్నారు అక్క. వాడు మొదలుపెట్టి, చెబుతూ చెబుతూ టక్కున ఆగాడు. వాళ్లలో ఒక్కరూ కాంట్రాక్టు ఆడవాళ్లను అడగలేదని, తాను అడిగానని అప్పుడే తట్టిందన్నాడు.

"అదే రాయి. ఇంత తెలిసినోడివి, ఊరోళ్ల మాటలు నీకేల?"

సోమవారం వాడు గైడు దగ్గర చివాట్లు తిని గడువు తెచ్చుకున్నాడు. అధ్యాయమంతా కొత్తగా రాశాడు. ఎవరి మాట తీసుకుంటే వాళ్ల పేరు పెట్టాడు. మొన్నటి కూటంలో అక్క ఫోను దాన్ని ఎక్కడా ఆగకుండా చదివింది. హల్లెలూయా అన్న మా కేకలకు సందులో ఆటోలు ఆగాయి.

థీసిస్ ఇచ్చేశాడు. యంత్రమూ తప్పుపట్టలేదు. ఇక పరీక్షకుల ముందు నోటితో జవాబులు చెప్పే వైవా మిగిలింది. ఇది చదువుతున్న మీరూ ఒక్క క్షణం కళ్లు మూసుకుని, వాడి నోట వాడి మాటే రావాలని మాతో కలిసి ప్రార్థించండి.